పూసాలో శాఖల గోడలు – ఇండోర్‌లో కంపోస్టు కుప్ప

ఇండోర్ కంపోస్టు గురించి వీడియోలో చూశారు కదా. ఆ పద్ధతి ఇండోర్‌లోనే ఎందుకు పుట్టింది, అంతకంటే చాలా పెద్దదైన పూసా సంస్థలో ఎందుకు పుట్టలేదు? ఇది తెలుసుకోవాల్సిన పాఠం.

బీహార్‌లోని పూసాలో 1905లో ఇంగ్లీషు ప్రభుత్వం వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టింది. కర్జన్ వైస్రాయ్‌గా ఉన్న కాలం అది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడు 30,000 పౌండ్లు విరాళం ఇచ్చాడు. అదే ఏడాది ఆల్బర్ట్ హోవార్డ్ అక్కడ వృక్షశాస్త్రవేత్తగా చేరాడు. అంతకుముందు వెస్టిండీస్‌లో తెగుళ్ల నిపుణుడిగా పనిచేశాడు. చెప్పిన మందును వేసి చూసుకోవడానికి అక్కడ తన చేతిలో సెంటు భూమి లేదు. ఆ లోటు ఆయన్ని చాలా బాధపెట్టింది.

ఎవరి శాఖ వాళ్లది

పూసాలో పురుగుకి ఒక శాఖ, తెగులుకి ఒకటి, మట్టి రసాయనానికి ఒకటి, విత్తనానికి ఇంకొకటి. పైపోస్టుల్లో ఎక్కువగా ఇంగ్లీషువాళ్లే, కింద సహాయకులు మనవాళ్లు. హోవార్డ్ పని విత్తనం వరకే. కానీ ఆయన మట్టి గురించి, వేరు గురించి, ఎద్దు గురించి కూడా మాట్లాడేవాడు. అది పక్క శాఖలకు నచ్చేది కాదు.

నీలిమందు పంట ఎండిపోతుంటే రసాయన నిపుణుడు భాస్వరం తక్కువైందన్నాడు. హోవార్డ్ దంపతులు మాత్రం వానాకాలంలో నీరు నిలిచి, వేరుకి గాలి అందక చస్తోందన్నారు. పొలం ఒక్కటే, వాదనలు రెండు.

ఎద్దులు ఆయన చేతికి రావడానికే కొన్నేళ్లు పట్టింది. మంచి మేత తిన్న తన ఎద్దులు, గాలికుంటు వచ్చిన పక్క పశువులతో మూతులు రాసుకున్నా జబ్బు పడలేదని ఆయన రాశాడు. (ఇది చదివి టీకా మానకండి. ఆయన చూసింది కొన్ని ఎద్దుల్నే.)

ఆయన భార్య గాబ్రియెల్ కేంబ్రిడ్జ్‌లో చదివిన శాస్త్రవేత్త. పూసా గోధుమ రకాల వెనుక ఆమె కష్టమూ ఉంది. అయినా ఆమెకు సొంత హోదా వచ్చింది 1913లోనే.

గోడలు దాటాక

మట్టి, మొక్క, పశువు అన్నీ ఒకేచోట చూసే అవకాశం పూసాలో దొరకలేదు. 1924లో ఇండోర్‌కి వెళ్లారు. హోల్కర్ సంస్థానం 300 ఎకరాలు ఇచ్చింది. డబ్బు పత్తి కమిటీ నుంచి వచ్చింది. అక్కడ చెత్త, పేడ, మూత్రం తడిసిన మట్టి, కట్టెల బూడిద కలిపి పొరలుగా వేసి, మూడుసార్లు తిరగేసి, మూడు నెలల్లో ఎరువు చేశారు. గాబ్రియెల్ 1930లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ పద్ధతిపై పుస్తకం వచ్చింది. దాని మీద హోవార్డ్‌తో పాటు యశ్వంత్ వాడ్ అనే మన రసాయన శాస్త్రవేత్త పేరు కూడా ఉంది.

మనకేంటి?

మనలో కంపోస్టు వేసేవాళ్లున్నారు, జీవామృతం చాలనేవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ అలా ఉంచండి. ఈ కథలో నిపుణులు తెలివితక్కువవాళ్లు కారు, ఎవరి ముక్క వాళ్లే చూశారు, అంతే. ఆకు పచ్చబడితే మందుల షాపుకి పరిగెత్తే ముందు ఒక మొక్క పీకి వేరు చూడండి. నీరు నిలుస్తోందా, మట్టి గట్టిపడిందా చూడండి. సలహా పదిమంది దగ్గర తీసుకోండి. అన్నీ కలిపి చూసేది మాత్రం గట్టు మీద నిలబడ్డ మీరే.