చిక్‌పేటకు పోవాలనుకునే అల్లుడికి

యాడికి,
8 జూన్ 2021.



ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మొదటి డోసు పడింది. కోవిషీల్డు కాబట్టి రెండోదానికి 12 వారాలు ఆగమన్నారు, ఆగుతోంది. నాకు రెండూ అయిపోయినాయి. చేన్లు దున్ని పెట్టుకున్నాం, వాన కోసం చూస్తున్నాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. హైదరాబాదు గదిలో పగలూ రాత్రీ కంప్యూటరు ముందు కూర్చుంటే, బెంగళూరు చిక్‌పేట చీరల కొట్లో పనిచేసిన ఆ ఏళ్ళే కళ్ళ ముందు తిరుగుతున్నాయని రాసినావు. బాళేపేటలోని మీ గది, పొద్దున్నే మూటలు దిగే సందడి, రాత్రి లెక్కలు తేలినాక తాగే కాఫీ గుర్తుచేసినావు. ఒక్కరోజు పోయి చూసి వస్తే ప్రాణం కుదుటపడుతుందన్నావు. చివర్లో, కర్ణాటక సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు తగలకుండా బాగేపల్లి పక్కకు పోయే పల్లె దారులు నాకు తెలిసే ఉంటాయి, చెప్పమన్నావు. తెలుసు నాయనా, కానీ చెప్పను. ఎందుకు చెప్పనో, ఇప్పుడు నువ్వు చేయదగిన పని ఏమిటో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నీ ఆశ తప్పు కాదు. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ఉంటే నీకు షికార్లు కావాల్సి వచ్చెనా అని ఎవరైనా అంటే తల దించుకోవద్దు. యాడికి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాళ్ళకు చిక్‌పేట షికారు చోటు కాదు. మనం నేసిన పట్టుచీర మడత విప్పి, జరీ గీకి, వెనక్కు తిప్పి నేత చూసే వేళ్ళు అక్కడ ఉన్నాయి. మన పనితనానికి విలువ కట్టింది ఆ వేళ్ళే. వానలు ఎగ్గొట్టి శనక్కాయ చేతికి రాని ఏళ్ళలో అక్కడి చీరల డబ్బుతోనే ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది.

1537లో కెంపేగౌడ కట్టించిన పేటలో ఉత్తర దక్షిణాలుగా పోయే దారి దొడ్డపేట, తూర్పు పడమరలుగా పోయేది చిక్కపేట. దొడ్డపేట తర్వాత అవెన్యూ రోడ్డయింది. చిక్కపేట పేరు మాత్రం అట్లే నిలిచింది. గాజులకు బాళేపేట, ధాన్యానికి తరగుపేట, మగ్గాలకు కబ్బన్‌పేట అని ఒక్కో పనికి ఒక్కో పేట ఏర్పడింది. ఒకే కొట్టు మెట్ల మీద కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, మార్వాడీ వినిపిస్తాయి. మనవైపు నుంచి పోయినవాడికి మొదటిరోజే మాట దొరుకుతుంది. అట్లాంటి చోటు మీద మనసు పోవడం సహజం.

ఇప్పుడు పోతే మాత్రం నువ్వు తలుచుకుంటున్న పేట నీకు కనబడదు. కర్ణాటకలో ఏప్రిల్ 27 రాత్రి నుంచి అంతా మూత. ఈ నెల 14 దాకా పొడిగించినారు. దించిన షట్టర్లు, లాఠీ పట్టుకున్న పోలీసులు, ఖాళీ రోడ్డు తప్ప అక్కడ ఏముంటుంది? మన దగ్గర మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. మీ తెలంగాణలోనూ లాక్‌డౌనే. పోయిన నెలలో తెలంగాణ సరిహద్దులోని పుల్లూరు టోల్‌గేటు దగ్గర మనవైపు రోగులతో వచ్చిన అంబులెన్సులనే ఆపినారు. హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. ఊపిరాడనివాడికే దారి దొరకని కాలంలో, బెంగతో బయలుదేరినవాడు అడ్డదారి వెతకకూడదు.

కట్టడిని గేటు దగ్గర పోలీసు పెట్టిన అడ్డుగా చూడవద్దు. ఇది మన శరీరాల గురించిన లెక్క. నీకు జ్వరం లేకపోవచ్చు, దగ్గు లేకపోవచ్చు. అయినా హైదరాబాదు నుంచి ఏం మోసుకుపోతావో నీకు తెలియదు. నీకు ప్రాణమైన పేటకే నువ్వు జబ్బు తీసుకుపోయినవాడివి కావచ్చు. ఆ పేటకు కూతవేటు దూరంలో ఉన్న విక్టోరియా ఆసుపత్రి పోయిన ఏడు నుంచీ కోవిడ్ రోగులను చూస్తోంది. ఇక్కడ మన తాడిపత్రిలో స్టీలు ఫ్యాక్టరీ ఆక్సిజన్ వాడుకోవడానికి దాని పక్కనే 500 పడకల తాత్కాలిక ఆసుపత్రి కట్టి, మొన్న 4వ తేదీన తెరిచినారు. మన పక్కనే అంత పెద్ద ఆసుపత్రి హడావుడిగా లేపాల్సి వచ్చిందంటే ఎంత గడ్డు కాలమో ఆలోచించు.

ఆ పేట ఇట్లాంటి కాలం ఒకటి ఇదివరకే చూసింది. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. హుబ్బళ్ళి వైపు నుంచి రైలు దారిన వచ్చిందంటారు. ఇళ్ళు ఒకదానికొకటి అంటుకొని ఉన్న పేటలోనే అది ఎక్కువ ప్రాణాలు తీసింది. ఆ భయంలోంచే వెడల్పు వీధులతో, గాలి వెలుతురుతో బసవనగుడి, మల్లేశ్వరం పుట్టినాయి. విక్టోరియా ఆసుపత్రి 1900లో తెరుచుకుంది. ప్లేగు పనులు చూసే అధికారులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఊళ్ళో టెలిఫోను తీగలు లాగినారు. ఇన్ని జరిగినా పేట పోలేదు. జబ్బు తగ్గినాక జనం తిరిగొచ్చినారు, కొట్లు తెరుచుకున్నాయి. చిక్‌పేట మాయమైపోతుందేమోనన్న భయం పెట్టుకోవద్దు. అది నీ కోసం ఆగగలదు. అందులోని మనుషుల్లో కొందరు మాత్రం ఆగలేరు. నీ ఆలోచన వాళ్ళ వైపు తిరగాలని నా కోరిక.

నీ ఉత్తరంలో కాఫీ ఉంది, సందు ఉంది, అరుగు ఉంది. మనుషుల పేర్లు ఒక్కటీ లేవు. ఆ కాఫీ ఎవరు తెచ్చిచ్చేవాళ్ళు? మూటలు ఎవరి నెత్తి మీద వచ్చేవి? కొట్లో పటానికి మూర పూలు ఎవరు ఇచ్చిపోయేవాళ్ళు? ఆ హమాలీకి, ఆ సర్వరుకు, ఆ పూలమ్మకు పోయిన ఏడు మార్చి నుంచి కూలి సరిగ్గా లేదు. 2020 జూన్‌లో కె.ఆర్. మార్కెట్, కలాసిపాళ్యం చుట్టుపక్కల వీధులన్నీ మూసినప్పుడు వాళ్ళు ఏం తిన్నారో మనకు తెలియదు. మనవైపు పిల్లలు ఎంతోమంది అప్పుడు బెంగళూరు వదిలి ఊళ్ళకు తిరిగొచ్చి, ఉపాధి హామీ పనికి గడ్డపార పట్టినారు. పోవడానికి ఊరు కూడా లేనివాళ్ళు ఆ సందుల్లోనే ఉండిపోయినారు.

అందుకని నేను చెప్పేది మూడు పనులు.

మొదటిది, ఫోను. నీ దగ్గర నంబర్లు ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికి చేయి. బాగున్నారా అని అడిగి పెట్టేయవద్దు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరికైనా జబ్బు చేసిందా, బియ్యం ఉన్నాయా, పిల్లల చదువు ఎట్లా అని అడుగు. వాళ్ళు చెప్పేదంతా విను. నంబరు లేనివాళ్ళ గురించి నంబరు ఉన్నవాళ్ళను అడుగు.

రెండోది, డబ్బు. నీకు నెల నెలా జీతం పడుతోంది. ఈ ప్రయాణానికి పెట్టాలనుకున్న ఖర్చు తీసి పెట్టి, అవసరం ఉన్న ఒకరిద్దరికి పంపు. సాయం అని చెప్పవద్దు, వాళ్ళు తీసుకోరు. దుకాణం తెరిచినాక పనిలో తీర్చుకుందువులే అని చెప్పి పంపు. ఆ మర్యాద వాళ్ళకు దక్కాలి. పాత బాకీ ఏదైనా నీ మీద ఉంటే ముందు అది తీర్చు. పోయిన ఏడు జూన్ 20న ప్రభుత్వ పథకం నేతన్న నేస్తం కింద 24,000 రూపాయలు ఖాతాలో పడినప్పుడు, పెళ్ళిళ్ళు లేక చీరలు కదలని ఆ నెలల్లో, మన వీధి మగ్గాలవాళ్ళు ఎంత ఊపిరి పీల్చుకున్నారో చూసినాను. కష్టకాలంలో సమయానికి అందిన డబ్బు విలువ మన ఇళ్ళకు బాగా తెలుసు.

మూడోది, టీకా. 18 ఏళ్ళు దాటిన అందరికీ ఈ నెల 21 నుంచి ఉచితంగా వేస్తామని ప్రధాని నిన్న చెప్పినారు. నీ వంతు రాగానే వేయించుకో. రెండో డోసు కూడా అయినాకే చిక్‌పేట మాట ఎత్తు. నీకు అడ్డదారి చెప్పలేదు కానీ, రాచబాట ఇదే.

దారులు తెరిచి, బస్సులు తిరిగి, నీ రెండు డోసులూ పూర్తయినాక తప్పకుండా పో. పండగ ముందు, పెళ్ళిళ్ళ రద్దీలో పోవద్దు. మామూలు రోజు చూసుకొని పొద్దున్నే చేరుకో. మెట్రో ఎక్కితే నేరుగా చిక్‌పేట స్టేషన్లోనే దిగుతావు. దిగగానే ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ తిరగవద్దు. మూసేసిన కొట్లు కనబడతాయి, తెలిసిన ముఖాలు కొన్ని కనబడవు. కనబడనివారి గురించి నెమ్మదిగా అడుగు. ఎవరైనా పోయి ఉంటే ముందు ఆ ఇంటికి పోయి, పలకరించి, కాసేపు కూర్చొని రా. తర్వాతే నీ కాఫీ. ఆ రోజు ఎవరి దగ్గర ఏం కొన్నా బేరమాడవద్దు.

పాత పేట ఉన్నది ఉన్నట్టు దొరకలేదని బాధపడవద్దు. ఎన్నో తరాలుగా ఆ పేటలో ఊరేగుతున్న ధర్మరాయస్వామి గుడి కరగం కూడా పోయిన ఏడూ, ఈ ఏడూ వీధుల్లోకి రాలేదు. గుడి లోపలే పూజలు జరిపినారు. రాత్రంతా పేట తిరిగి, మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి ముందుకు సాగే కరగమే జనం క్షేమం కోసం గుడి దాటలేదు. భక్తి తగ్గి చేసిన పని కాదది. నువ్వు ఆగడం కూడా ప్రేమ తగ్గడం కాదు.

ఒక పేట మనది అని ఎప్పుడు చెప్పుకోవచ్చునో చాలా కాలం ఆలోచించినాను. అక్కడ మనం సుఖపడినామని చెప్పుకుంటే చాలదు. దానికి కష్టం వచ్చినప్పుడు మన వంతు ఎంతో కొంత మోయాలి. ఏళ్ళ తరబడి ఆ పేట మన ఇంటిని మోసింది. నీ చదువులోనూ దాని డబ్బు ఉంది. ఇప్పుడు నీ వంతు వచ్చింది. హైదరాబాదు గదిలోంచే అది మొదలుపెట్టవచ్చు.

ఈ ఉత్తరం అందిన సాయంత్రమే ఆ హమాలీ అన్నకు మొదటి ఫోను చేయి. ఆయన ఎట్లా ఉన్నాడో, ఏం కావాలన్నాడో నాకు రాయి. నీ ఒక్కడి వల్ల కాకపోతే ఇక్కడ మన వీధిలో ఆయనను ఎరిగిన మగ్గాలవాళ్ళు ఇంకా ఉన్నారు. తలా కొంత వేసుకుంటాం.

మీ అత్త ఆశీస్సులు.

ఇట్లు,
నీ మామ