పాత డబ్బాలు, ఒక్క సర్వరు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. అంతకు ముందే ముసలివైపోయిన మెషిన్లు మన చుట్టూ బోలెడు. వెంకటాచలంలో మా ఇంటి దగ్గర బడిలో 12 కోర్ 2 డ్యుయోలు దుప్పటి కప్పుకుని కూర్చున్నాయి. సగం హార్డ్ డిస్కులు పోయాయి. పాత ఇనుపసామాను కొనేవాడు తూకానికి అడుగుతున్నాడు. వాటిని థిన్ క్లయింట్లుగా వాడుకోవచ్చని నా వాదన.

థిన్ క్లయింట్ సొంతంగా వంట చేయదు, వడ్డిస్తుందంతే. మనం నొక్కిన కీ సర్వరుకి వెళ్తుంది, సర్వరు గీసిన తెర తిరిగొస్తుంది. ఇదేం మనకి కొత్త కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకి కంప్యూటర్లు ఇచ్చినప్పుడు ఒక సీపీయూని కొందరు పిల్లలు పంచుకునేలా ఎన్‌కంప్యూటింగ్ పెట్టెలు వాడారు. మనకి ఆ పెట్టెలు కూడా కొనక్కర్లేదు, పాత మెషిన్లే ఉన్నాయిగా.

పనిచేసే తీరు ఇదీ. డిస్కు లేని మెషిన్ ఆన్ చేస్తే దాని నెట్‌వర్క్ కార్డు పీఎక్స్ఈ పద్ధతిలో "నాకో ఐపీ అడ్రసు ఇవ్వండి" అని కేకేస్తుంది. డీహెచ్‌సీపీ అడ్రసుతో పాటు బూట్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. టీఎఫ్‌టీపీ ద్వారా కెర్నల్ దిగుతుంది, మిగతా సిస్టమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద సర్వరు నుంచే నడుస్తుంది. లినక్స్‌లో ఈ ఏర్పాటంతా ఎల్‌టీఎస్‌పీ చూసుకుంటుంది. అయితే 2019లో తిరగరాసిన ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రాములు మామూలుగా క్లయింట్ మీదే నడుస్తాయి. 2 జీబీ ర్యామ్ ఉన్నవాటికి ఇది చాలు. 1 జీబీ వాటిని మాత్రం ఆర్‌డీపీతో సర్వరు మీదికే లాగిన్ చేయించాలి, అదే అసలు థిన్ క్లయింట్. మనిషికి 1 జీబీ, సర్వరు సొంతానికి 3 జీబీ అనుకుంటే, అన్నీ అలాంటివే అయినా 16 జీబీలో సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. బడిలో రూటరు ముందే డీహెచ్‌సీపీ ఇస్తుంటే రెండు గొంతులు ఒకేసారి జవాబిస్తాయి. డీఎన్ఎస్‌మాస్క్‌ని ప్రాక్సీ పద్ధతిలో పెడితే అది అడ్రసుల జోలికి పోకుండా బూట్ వివరాలే చెబుతుంది.

వీడియోల మీద ఆశ పెట్టుకోకండి. 1024×768 తెర, పిక్సెల్‌కి 3 బైట్లు, సెకనుకి 24 ఫ్రేములు: కుదించకపోతే దాదాపు 453 మెగాబిట్లు! పాత నెట్‌వర్క్ కార్డు 100 దాటదు. కుదిస్తే ఆ భారం సర్వరు ప్రాసెసర్ మీద పడుతుంది. టైపింగ్, స్ప్రెడ్‌షీట్, పైథాన్ అయితే హాయిగా సాగుతాయి.

మన ఊళ్లకి నచ్చేది కరెంటు సంగతి. ఆర్‌డీపీలో పిల్లాడి పని సర్వరులో ఉంటుంది. కరెంటు పోయినా సర్వరుకి, స్విచ్చుకి యూపీఎస్ ఉంటే మళ్లీ లాగిన్ అయ్యాక ఆపిన వాక్యం దగ్గరే ఉంటాడు. సర్వరే పోతే పన్నెండూ మూగబోతాయి, అందుకే బ్యాకప్ తప్పదు. కరెంటు ఖర్చు కూడా ఉంది: మానిటరుతో కలిపి ఒక్కోటి 100 వాట్లు అనుకుంటే 12 మెషిన్లకి అయిదు గంటల్లో 6 యూనిట్లు. బిల్లు కట్టేవాళ్లకి ఈ మాట ముందే చెప్పాలి.

సముద్రపు గాలికి ర్యామ్ పిన్నులు మసకబారతాయి. తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలాసార్లు లేచి కూర్చుంటాయి. సీఆర్2032 బ్యాటరీలు కూడా మార్చాలి, లేకపోతే బూట్ క్రమాన్ని మరిచిపోతాయి.

ఇంతకీ నాకెందుకు పట్టింది అంటే, ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం ఉన్నది వెంకటాచలంలోనే. అదే ఊరి బడిపిల్లలు కంప్యూటర్‌లో తమ పేరు తెలుగులో కొట్టలేకపోతే నాకు సిగ్గుగా ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, మండలి, రామభద్ర ఫాంట్లు సర్వరులో ఒక్కసారి పెడితే పన్నెండింటికీ వచ్చేస్తాయి.

హెడ్‌మాస్టరు గారు సంక్రాంతి సెలవుల దాకా గడువిచ్చారు, ఆ తర్వాత తూకమే. స్విచ్చు, కేబుళ్లు నా దగ్గరున్నాయి. 16 జీబీ ర్యామ్‌తో సర్వరుకి పనికొచ్చే మెషిన్ ఒకటి కావాలి. క్రింపింగ్ టూల్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, పిండివంటలు మా ఇంట్లో.