పరికరము నెవరడుగవలెను?

ప్రశ్న: మా చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో పోలారిమీటరును, రిఫ్రాక్టోమీటరును ఒకే కంప్యూటరునకు కలిపినాము. సాఫ్టువేరు రెండింటిని ఒకే రకముగా జూపుచున్నది. ఏది యేదో తెలియు టెట్లు?
- ఒక పాఠకుడు, బార్డోలీ

జవాబు: చెఱకు తోటల నడుమనుండి వచ్చిన యీ ప్రశ్న నాకు మిక్కిలి ప్రీతి గూర్చినది, ఏలయన రిఫ్రాక్టోమీటరు జూపు బ్రిక్సు (రసమున గరగిన ఘనపదార్థము), పోలారిమీటరు జూపు పోలు (అందలి చక్కెర) అను నీ రెండు సంఖ్యలు తారుమారైనచో రసశుద్ధత లెక్క సమస్తమును చెడును. 18 బ్రిక్సు, 15.3 పోలు గల రసమునకు శుద్ధత 85. అవి తలక్రిందులైన 117 దాటును, అది యసంభవము.

మీరు యు.ఎస్.బి. మార్పిడి తీగలను వాడుచున్నయెడల, సాఫ్టువేరు చదువు తయారీదారు సంఖ్య పరికరమునది గాక యా తీగలోని చిప్పునదై యుండును. 0403 అనునది ఎఫ్.టి.డి.ఐ. సంస్థ చిప్పులకు గుర్తు, దాని వెనుక నేమున్నదో ఆ చిప్పెఱుగదు. కావున పరికరమునే యడుగవలెను. 1987 నాటి ఐ.ట్రిపుల్.ఇ. 488.2 ప్రమాణము ననుసరించు పరికరము, నక్షత్రపు గుర్తు, ఐ.డి.ఎన్. అక్షరములు, ప్రశ్నార్థకము గల యాజ్ఞ నందుకొని తయారీదారు, నమూనా, క్రమసంఖ్య, ఫర్మువేరు కూర్పు అను నాలుగింటిని దెలుపును. రకమును మాత్రము చెప్పదు. నమూనా పేరునుబట్టి రకమును నిర్ణయించు పట్టికను సాఫ్టువేరులో మీరే వ్రాయవలెను.

ఈ యాజ్ఞ తెలియని పరికరములు ప్రయోగశాలలలో పెక్కులున్నవి. మీవియు నట్టివైనచో చిటికెడు వంటయుప్పు నీట గరగించి రెండింటను బోయుడు: రిఫ్రాక్టోమీటరు సంఖ్యను జూపును, ఉప్పు కాంతి ధ్రువణతలమును ద్రిప్పదు గనుక పోలారిమీటరు సున్నయొద్దనే నిలుచును.