థర్మోకపుల్‌కు రాగి వైరు అతికితే

మా చిన్నాయన దగ్గర పాత బుల్లెట్ 350 ఉంది. కాస్ట్ ఐరన్ బారెల్, అల్యూమినియం హెడ్. రేడియేటర్ లేదు, కూలెంట్ లేదు. హెడ్‌లో వేడి ఫిన్స్ మీదుగా గాలిలోకి పోవాల్సిందే. బండి కదిలితేనే ఆ గాలి. దౌల్తాబాద్ నుంచి కొడంగల్ మీదుగా తాండూరు పోతుంటే బండల లారీ వెనక ఇరుక్కున్నామా, మే నెల ఎండలో ఇక ఇంజన్ పని అయిపోయినట్టే. నీళ్లతో చల్లబడే కారుకైతే డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు ఉంటుంది. దీనికి అదీ లేదు. అందుకే స్పార్క్ ప్లగ్ వాషర్ స్థానంలో కూర్చునే రింగ్ థర్మోకపుల్ ఒకటి తెచ్చి బిగించాను.

సీబెక్ 1821లో గమనించిన విషయం మనం ఫిజిక్స్‌లో చదివాం. రెండు వేర్వేరు లోహాల వైర్లను కలిపి, ఆ అతుకును వేడి చేస్తే చల్లగా ఉన్న చివరల మధ్య వోల్టేజి వస్తుంది. కె టైపులో క్రోమెల్, అల్యూమెల్ వాడతారు. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. అయితే ఈ వోల్టేజి చెప్పేది హెడ్ ఉష్ణోగ్రత కాదు, రెండు చివరల మధ్య తేడా మాత్రమే. అందుకని మీటర్ తన టెర్మినల్ దగ్గర ఎంత వేడి ఉందో వేరే సెన్సర్‌తో కొలుచుకుని, దాన్ని ఆ తేడాకు కలిపి చూపిస్తుంది. దీన్నే కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ అంటారు.

నేను చేసిన తప్పు ఇక్కడే. వైరు హ్యాండిల్ దాకా అందలేదు. ట్యాంక్ కింద మామూలు రాగి వైరు అతికి, టేపు చుట్టేశాను. ఇంటి దగ్గర రింగును మరిగే నీళ్లలో ముంచితే మీటర్ 98 చూపించింది. మన పీఠభూమి ఎత్తులో నీళ్లు మరిగేది సుమారు అక్కడే. ఇంకేం, పాసైపోయాననుకున్నా.

తాండూరు దారిలో మళ్లీ లారీ దొరికింది. మీటర్ 172 దగ్గర నిలకడగా ఉంది. ఇంతలో ఇంజన్‌లో టకటక మొదలైంది, కాలిన ఆయిల్ వాసన.

"బండి గుంజుతలేదురా!" అన్నాడు చిన్నాయన.

"మీటర్ల మంచిగనే ఉంది గద చిన్నాయనా?"

"నీ మీటర్ సంగతి తర్వాత, ముందు దిగు."

క్లచ్ పట్టి పక్కకు ఆపాడు. ఇంకాస్త పోతే పిస్టన్ పట్టేసేది. ట్యాంక్ కింద నా అతుకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అప్పుడు లెక్క అర్థమైంది.

రాగి వైరు మొదలైన చోటే థర్మోకపుల్ ముగిసిపోతుంది. అంటే కోల్డ్ జంక్షన్ మీటర్ దగ్గర లేదు, ట్యాంక్ కింద ఉంది. అక్కడ 75 డిగ్రీలు, హెడ్ 205 అనుకుందాం. తేడా 130. మీటర్ మాత్రం తన దగ్గరున్న 42ను కలిపి 172 అంటుంది. 33 డిగ్రీలు తక్కువ! ఇంజన్ చుట్టూ వేడి పెరిగేకొద్దీ అబద్ధమూ పెరుగుతుంది. మరి ఇంట్లో ఎందుకు పట్టుబడలేదు? అప్పుడు అతుకూ మీటరూ ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి కాబట్టి.

రాగి తీసేసి కె టైపు ఎక్స్‌టెన్షన్ వైరే వేశాను. పాజిటివ్, నెగెటివ్ తారుమారు కాకుండా చూసుకోవాలి. ఈసారి పరీక్ష కూడా మార్చాను. రింగు మరిగే నీళ్లలో ఉండగానే అతుకు మీద హెయిర్ డ్రయ్యర్ పెట్టా. అంకె కదల్లేదు.

సెన్సర్ ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఆయిల్ కూలర్ ఫ్యాన్ గాలికి అడ్డంగా ఉండేది. అందుకే దాని వెనకున్న మూడో సిలిండర్ ఎక్కువ వేడెక్కేది. అలాంటి ఇంజన్‌లో ఒకే సెన్సర్ ఉంటే అది మూడో సిలిండర్‌కే పెట్టాలి. ఒకటో సిలిండర్‌ను కొలిచి నిశ్చింతగా ఉంటే నా 172 లాంటిదే.

అల్యూమినియం 200 డిగ్రీలు దాటేకొద్దీ బలం కోల్పోతుంది. అందుకని మేం 190ని హద్దుగా పెట్టుకున్నాం. అది దాటితే చిన్నాయన లారీని పోనిచ్చి, చెట్టు కింద బండి ఆపుతున్నాడు. ఆపినప్పుడల్లా మీటర్ చూసి, ఒకసారి ట్యాంక్ కింద చెయ్యి పెట్టి కూడా చూస్తాడు.