గడ్డి చేమంతి చెప్పిన పాఠాలు

కరీంనగర్ వైపు పుట్టి, ఆదిలాబాద్ బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. చెలక ఒడ్డున పూసే గడ్డి చేమంతి వల్ల తెలిసిన ఐదు సంగతులు మీకు చెప్పాలని ఉంది.

1. ఏ పని పడిందో, ఆ పేరే పెట్టారు.

బడిపిల్లలకు అది పలకాకు. నలిపి రుద్దితే పలక నల్లగా తేలేది. కొడవలి కోసుకున్నవాళ్ళు దాని పసరు పిండారు కాబట్టి గాయపాకు అయింది. పువ్వును చూసినవాళ్ళు చేమంతి అన్నారు. పెన్‌గంగ అవతల మరాఠీలో ఏకదండి. పొడుగాటి కాడ, దానికి ఒక్కటే పువ్వు మరి.

2. పుస్తకంలో పేరూ ఒకరు పెట్టిందే.

1753లో లినేయస్ దీన్ని ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అన్నాడు. ‘మూడు కాట్లు’ అని మొదటి మాటకు అర్థం చెబుతారు. రెండోది లాటిన్, నేలమీదికి వాలినది అని. పువ్వును దగ్గరగా చూడండి. అంచున ఐదారు లేతరంగు రేకులు, ఒక్కోదాని కొసన పళ్ళలాంటి గాట్లు. నడుమ పసుప్పచ్చ బొడిపెలో ఉన్నవన్నీ విడివిడి చిన్న పువ్వులే. నేను ఆ లాటిన్ పేరే వల్లె వేయించాను. గోండు పిల్లల ఇళ్ళలో ఏమంటారో అడగాలని తోచనేలేదు. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది.

3. ఎక్కడినుంచి వచ్చినా, వాడుకున్నవాళ్ళదే మొక్క.

దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. గింజకు నూగు కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరి ఎక్కడైనా పడుతుంది. మిరపలాగే పరాయిది వచ్చి మనదైంది. బతుకమ్మకు గునుగు, తంగేడు ఏరబోయి మనం తొక్కుకుంటూ నడిచేది దీన్నే.

4. పేరు విని మందు వాడకండి.

తల నూనెకు గుంటగలగరాకు తెమ్మంటే, దాని బదులు గడ్డి చేమంతి అమ్మేవాళ్ళున్నారు. గుంటగలగర తడి నేలలో, కాలువ గట్టున పెరుగుతుంది. పువ్వు చిన్నది, తెల్లనిది. గడ్డి చేమంతి ఎండిన నేలలోనూ బతుకుతుంది, పువ్వు నడుమ పసుపు. గాయం లోతైతే ఏ పసరూ వద్దు, దవాఖానకు పోయి ధనుర్వాతం సూది వేయించుకోండి.

5. వాడుక ఆగితే పేరు ఆగుతుంది.

పలకలు పోయాయి, నేటి పిల్లలకు పలకాకు అంటే తెలియదు. మొక్క మాత్రం బడి గోడ పక్కనే ఉంది. మీ అమ్మమ్మకు మొక్కనే చూపించి పేరడగండి. పేరుతోపాటు ఏ ఊరి మాటో, దేనికి వాడారో కూడా రాసిపెట్టుకోండి. వాడుక తెలియకుండా పేరొక్కటే రాసుకుంటే, రేపు అది ఏ మొక్కదో మీకే తెలియదు.