ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు: గో-కార్ట్ వెనకున్న భౌతికశాస్త్రం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగే పిల్లలకు రైలు చక్రాల జత కొత్త వస్తువేమీ కాదు. మధ్యలో ఉక్కు ఇరుసు, దాని రెండు వైపులా గట్టిగా దిగగొట్టిన రెండు చక్రాలు. ఒకటి ఎంత తిరిగితే రెండోదీ అంతే తిరగాలి. కారును నడిపించే చక్రాలు ఇలా ఉండవు. వాటి మధ్య డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది. అది మలుపులో బయటి చక్రాన్ని ఎక్కువ, లోపలి చక్రాన్ని తక్కువ తిరగనిస్తుంది. మోటారు పందేలలోకి వచ్చే పిల్లలు సాధారణంగా మొట్టమొదట నడిపేది గో-కార్ట్. చూడటానికి అది చిన్న కారులా ఉంటుంది కానీ, ఇరుసు విషయంలో మాత్రం రైలుకే దగ్గరి చుట్టం. దాని వెనక చక్రాలు రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి. డిఫరెన్షియల్ లేదు. స్ప్రింగులూ లేవు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ రోజుల నుంచీ ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ఇదే ప్రధాన కేంద్రం. తోర్వా, తార్‌బాహర్ వైపు తెలుగు ఇళ్లలో లోకో షెడ్డులోనో, సి అండ్ డబ్ల్యూలోనో పనిచేసిన తాతో, మామయ్యో ఒకరు ఉంటూనే ఉంటారు. ఇలాంటి ఇంట్లో పిల్లో పిల్లాడో టీవీలో ఫార్ములా వన్ చూసి "నాన్నా, నేనూ రేసులో నడుపుతాను" అంటే ఏం చేయాలి? ఖర్చు, దూరం, ప్రమాదం అన్నీ ఆలోచించాల్సినవే. వాటికన్నా ముందు ఆ బండి ఎలా మలుపు తిరుగుతుందో తెలుసుకుంటే తక్కిన నిర్ణయాలు సులువవుతాయి.

గడ్డి కోసే యంత్రం ఇంజనుతో

1956లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్టును తయారుచేశాడు. ఆయన కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల కర్మాగారంలో పనివాడు. పచ్చిక కోసే యంత్రాల ఇంజను ఒకటి తెచ్చి, ఇనప గొట్టాలతో చేసిన చట్రానికి బిగించాడు. ఈ రోజు అద్దె ట్రాకుల్లో కనిపించే కార్టుల్లో చాలావాటికి ఉండేది కూడా నీటి పంపులకు, చిన్న జనరేటర్లకు వాడే రకం ఫోర్-స్ట్రోక్ ఇంజనే. శక్తి 5 నుంచి 9 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. పోటీల కార్టు సంగతి వేరు. పెద్దల తరగతిలో వాడే 125 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను సుమారు 30 హార్స్‌పవర్ ఇస్తుంది. మనిషితో కలిపి 160, 170 కిలోలున్న బండికి అది చాలా ఎక్కువ.

ఇంజను గురించి పిల్లలు ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. నా ఉద్దేశంలో అసలు పాఠం ఇంజనులో లేదు, వెనక ఇరుసులో ఉంది.

మలుపులో లెక్క

ఒక కార్టు 90 డిగ్రీల మలుపు తిరిగిందనుకుందాం. వెనక రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1.1 మీటర్లు. బయటి చక్రం పెద్ద వృత్తం మీద, లోపలి చక్రం చిన్న వృత్తం మీద ప్రయాణిస్తాయి. రెండు వ్యాసార్ధాల తేడా 1.1 మీటర్లు కనుక, పావు వృత్తానికి దారిలో తేడా 1.1 × π/2, అంటే 1.73 మీటర్లు. ఈ లెక్కలో మలుపు వ్యాసార్ధం ఎక్కడా రాలేదని గమనించండి. మలుపు పెద్దదైనా చిన్నదైనా 90 డిగ్రీలు తిరిగితే తేడా అంతే. కార్టు వెనక టైరు వ్యాసం దాదాపు 28 సెంటీమీటర్లు, చుట్టుకొలత 88 సెంటీమీటర్లు. అంటే బయటి చక్రం లోపలిదానికన్నా ఇంచుమించు రెండు చుట్లు ఎక్కువ తిరగాలి. ఇరుసు ఒకటే కనుక అది సాధ్యం కాదు. ఏదో ఒక టైరు నేల మీద జారి తీరాలి. టైరు జారితే వేగం పోతుంది, రబ్బరు అరుగుతుంది.

మరి రైలు ఎలా తిరుగుతోంది? దానికీ ఇదే చిక్కు ఉంది కదా! రైలు చక్రం అంచు మనకు కనిపించేటంత చదునుగా ఉండదు. లోపలి వైపు కొంచెం లావుగా, బయటి వైపు కొంచెం సన్నగా, 20కి 1 చొప్పున వాలుగా ఉంటుందన్నది మౌలిక రూపకల్పన. వంపులోకి వెళ్లినప్పుడు చక్రాల జత కొద్దిగా బయటి పట్టా వైపు జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. ఇరుసు ఒక్కటే అయినా బయటి చక్రం ప్రతి చుట్టులోనూ ఎక్కువ దూరం పోతుంది.

ఎంత జరగాలో లెక్క వేసి చూద్దాం. మన రైల్వేలో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని ఆ డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. 2 డిగ్రీల వంపు అంటే 875 మీటర్ల వ్యాసార్ధం. బ్రాడ్‌గేజ్‌లో చక్రాలు పట్టాలను తాకే చోట్ల మధ్య దూరం సుమారు 1.75 మీటర్లు. 1.75ని 875తో భాగిస్తే 0.2 శాతం. పెట్టె చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు కనుక, రెండు చక్రాల వ్యాసార్ధాల్లో 0.9 మిల్లీమీటర్ల తేడా ఉంటే చాలు. 20కి 1 వాలు మీద దానికి చక్రాల జత పక్కకి జరగాల్సింది 9 మిల్లీమీటర్లు మాత్రమే. వంపు ఇంతకన్నా బిగుతైతే ఈ ఏర్పాటు చాలదు. అప్పుడు చక్రం అంచున ఉండే ఫ్లాంజ్ పట్టాను ఒరుసుకుంటుంది. కట్నీ లైనులో భన్వర్‌టంక్ ఘాట్ మీదుగా ప్రయాణించేవారికి వంపుల్లో చక్రాలు కీచుమనే చప్పుడు గుర్తుండే ఉంటుంది.

ఇదే లెక్క 8 మీటర్ల వ్యాసార్ధమున్న కార్టు మలుపుకి వేస్తే 1.1ని 8తో భాగించాలి. దాదాపు 14 శాతం వస్తుంది. రైలుకి 0.2, కార్టుకి 14. టైరును ఎంత వాలుగా చేసినా ఇంత తేడా పూడదు. అందుకే కార్టు ఇంకో దారి పట్టింది. మలుపులో లోపలి వెనక చక్రాన్ని నేల మీంచి పైకి లేపేస్తుంది! గాలిలో ఉన్న చక్రం ఎన్ని చుట్లు తిరిగితే ఏం?

స్టూలు కింద ఇటుక

లేపేది ఇంజను కాదు, స్టీరింగు. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, కార్టు ముందు చక్రాలు తిరిగే కీలు కూడా అలాగే వాలి ఉంటుంది. దీన్ని క్యాస్టర్ అంటారు. ఈ వాలు వల్ల స్టీరింగు ఎడమకి తిప్పితే ఎడమ ముందు చక్రం చట్రానికి కిందుగా దిగుతుంది, కుడి ముందు చక్రం పైకి పోతుంది. నాలుగు కాళ్ల స్టూలుకి ఒక కాలి కింద ఇటుక పెడితే ఏమవుతుంది? ఆ కాలూ దాని ఎదురు మూల కాలూ ఆనుకుని, తక్కిన రెండూ ఊగుతాయి. బరువు ఎటు పడితే అటు కాలు నేలకి ఆనుతుంది, రెండోది లేస్తుంది. మలుపులో బరువు బయటి వైపుకి, అంటే కుడికి పోతుంది. కనుక కుడి ముందు చక్రం నేల మీదే ఉంటుంది, ఎడమ వెనక చక్రం లేస్తుంది. ఒక సెంటీమీటరు లేచినా చాలు.

కార్టు చట్రాన్ని స్ప్రింగులు లేని గొట్టాలతో చేయడానికి కారణం ఇక్కడే ఉంది. ఆ గొట్టాలే కొద్దిగా మెలితిరిగి స్ప్రింగుల పని చేస్తాయి. కూర్చునే సీటు కూడా ఆ చట్రంలో భాగమే. సీటును రెండు సెంటీమీటర్లు జరిపితే బండి నడక మారిపోతుంది. కొత్తవాళ్లు చేసే ఒక పని కూడా దీంతో అర్థమవుతుంది. సైకిలు అలవాటుతో వాళ్లు మలుపు లోపలికి వంగుతారు. కార్టులో అలా వంగితే లేవాల్సిన చక్రం మీదే బరువు వేసినట్టు. నిటారుగా కూర్చోవాలి, లేదా కాస్త బయటికి ఒరగాలి.

ఇంట్లో చేసి చూడటానికి ఖర్చేమీ లేదు. రెండు కాగితపు కప్పుల్ని మూతి మూతి కలిపి అతికించి, రెండు కర్రల మీద దొర్లించండి. పక్కకి జరిగినా మళ్లీ మధ్యకి వస్తాయి. అది రైలు చక్రాల జత. అడుగులు కలిపి అతికిస్తే నాలుగడుగులు కూడా వెళ్లకుండా పడిపోతాయి. తర్వాత ఒక పెన్సిలుకి రెండు చివర్లా ఒకే కొలత సీసా మూతలు బిగించి నేల మీద వంపుగా తోయండి. ఒక మూత ఈడ్చుకుపోతుంది. ఆ వైపు కాస్త పైకెత్తి తోస్తే హాయిగా తిరుగుతుంది. అది కార్టు.

టైరు, బ్రేకు

పొడి పట్టా మీద ఉక్కు చక్రానికి ఘర్షణ గుణకం సుమారు 0.3. వానలో ఇంకా పడిపోతుంది. అందుకే లోకో పైలట్ చక్రాల కింద ఇసుక వదులుతాడు. కార్టు రబ్బరుకి ఇది 1 దాకా, వేడెక్కిన మెత్తటి టైరుకి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 1 అనుకుంటే 8 మీటర్ల మలుపులో జారకుండా వెళ్లగల గరిష్ఠ వేగం 8 × 9.8కి వర్గమూలం, అంటే సెకనుకు 8.85 మీటర్లు. గంటకు 32 కిలోమీటర్లు. వినడానికి తక్కువే. నేలకి జానెడు ఎత్తులో కూర్చున్న పదేళ్ల పిల్లకి మాత్రం ఆ క్షణంలో తన బరువంత బలం పక్కనుంచి తోస్తుంది. స్ప్రింగులు లేని బండి కనుక ఆ తోపు నేరుగా పక్కటెముకల మీదికి వస్తుంది. పక్కటెముకల రక్షణ తొడుగును అలంకారం అనుకోవద్దు. కొనే వస్తువుల్లో హెల్మెట్ తర్వాత దానిదే స్థానం.

పిల్లల కార్టుల్లో బ్రేకు వెనక ఇరుసుకే ఉంటుంది. బ్రేకు వేయగానే బరువు ముందుకి పోతుంది, వెనక టైర్లకి పట్టు తగ్గుతుంది. ఆ స్థితిలో స్టీరింగు తిప్పితే బండి గిర్రున తిరుగుతుంది. కనుక ముందు తిన్నగా వెళ్తూనే బ్రేకు వేయడం, వదిలాక తిప్పడం నేర్పిస్తారు.

టైరు గాలి ఇంకో చిన్న పాఠం. పొద్దున 25 డిగ్రీల దగ్గర 10 పీఎస్‌ఐ నింపారనుకోండి. టైరు 65 డిగ్రీలకి వేడెక్కితే ఎంతవుతుంది? వాతావరణ పీడనం 14.7 కలపడం మర్చిపోకూడదు. 24.7ని 338తో గుణించి 298తో భాగిస్తే 28. అందులోంచి 14.7 తీసేస్తే 13.3. అంటే గేజీ మీద మూడో వంతు పెరిగింది. బిలాస్‌పూర్ మే నెల ఎండలో నింపిన గాలికీ, డిసెంబరు పొద్దున నింపిన గాలికీ లెక్క వేరుగా ఉంటుంది. ఇలాంటివి రాసి పెట్టుకునే నోటుపుస్తకం అమ్మ చేతిలో ఉందా, అక్క చేతిలో ఉందా అన్నది మీ ఇష్టం. కార్టింగ్‌లో ఇంటిల్లిపాదికీ పని దొరుకుతుంది. గొలుసు పళ్ల లెక్క చూడండి: ఇంజను వైపు 12, ఇరుసు వైపు 80 పళ్లుంటే 13,000 ఆర్‌పీఎం దగ్గర వేగం గంటకు 103 కిలోమీటర్లు. వెనక 82 వేస్తే 100కి వస్తుంది, కానీ మలుపు దాటాక తొందరగా ఊపందుకుంటుంది. ఏది మేలన్నది ఆ రోజు స్టాప్‌వాచీయే చెప్పాలి.

జడ, చున్నీ

2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలోని గుర్రంగూడలో సరదాగా కార్టు ఎక్కిన ఒక యువతి జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయింది. దీన్ని దురదృష్టం అని వదిలేయకూడదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో వెనక ఇరుసు సెకనుకి దాదాపు 12 సార్లకు పైగా తిరుగుతుంది. 30 మిల్లీమీటర్ల ఇరుసు చుట్టుకొలత 9.4 సెంటీమీటర్లు. అంటే అది సెకనుకి 1.2 మీటర్ల జుట్టును చుట్టుకోగలదు. 60 సెంటీమీటర్ల జడకి అర సెకను. ఏదో జరిగిందని గ్రహించి కాలు బ్రేకు మీదికి పోవడానికే సాధారణంగా అంతకన్నా ఎక్కువ పడుతుంది. బండి ఆగడానికి ఇంకో సెకనో రెండో కావాలి. అందువల్ల "జాగ్రత్తగా నడుపు" అనే మాట ఇక్కడ పనిచేయదు. జుట్టు ముడి చుట్టి బాలాక్లావా లోపలికి, దాని మీద హెల్మెట్, పట్టీ బిగించి. చున్నీ, మెడ గొలుసు, వదులు చొక్కా ట్రాకు బయటే. ఇరుసుకి, గొలుసుకి కప్పు లేని కార్టు ఇస్తే డబ్బు వెనక్కి తీసుకుని ఇంటికి రండి.

పోటీ కార్టుల్లో సీటు బెల్టు లేకపోవడం చూసి తల్లిదండ్రులు కంగారు పడతారు. తల మీద రక్షణ కడ్డీ లేని బండి బోల్తా పడితే, దానికి కట్టేసి ఉండటం కన్నా దూరంగా పడటమే మేలని ఆ ఏర్పాటు. కడ్డీ ఉన్న అద్దె కార్టుల్లో మాత్రం బెల్టు పెట్టుకోవాల్సిందే.

ఎక్కడ, ఎప్పుడు

మన దేశంలో పోటీలకి లైసెన్సు ఇచ్చేది చెన్నైలోని మోటారు క్రీడల సమాఖ్య, ఎఫ్ఎంఎస్‌సీఐ. వైద్య ధ్రువపత్రం కావాలి. రోటాక్స్ తరగతుల్లో మైక్రో సుమారు 8 ఏళ్లకి మొదలవుతుంది. తర్వాత మినీ, జూనియర్, 14 ఏళ్ల నుంచి సీనియర్. పేరున్న ట్రాకులు బెంగళూరు, కోయంబత్తూరు, చెన్నై వైపు ఉన్నాయి. బిలాస్‌పూర్ నుంచి అంటే ఒక్కో పోటీకి రైల్లోనే రెండు రోజులు పోవచ్చు. సొంత కార్టు లక్షల్లో మాట, ఆపైన టైర్లు. నా మట్టుకు నేను మొదటి ఏడాది సొంత బండి వద్దంటాను. వేసవి సెలవుల్లో చుట్టాల ఊరు వెళ్లినప్పుడు దగ్గర్లోని మంచి అద్దె ట్రాకులో నడిపించండి. ప్రతి చుట్టు సమయం రాసుకోండి. పదో చుట్టూ పదకొండో చుట్టూ ఒకే సమయంలో రావడం మొదలైతే శిక్షణ శిబిరం గురించి ఆలోచించవచ్చు.

ఈ క్రీడలో ఇంటి పాత్ర పెద్దది. 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తండ్రి ర్యాలీ డ్రైవరు. 2010లో నడిపిన కరుణ్ చందోక్‌ది మూడు తరాల మోటారు క్రీడల కుటుంబం. హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016, 2017లో వరుసగా యూరో జేకే ఛాంపియన్ అయ్యాడు. వీళ్లంతా డబ్బు, పరిచయాలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవారన్నది దాచాల్సిన సంగతి కాదు. రైల్వే జీతంతో అంతదాకా వెళ్లడం కష్టం. కానీ ఒక కార్టు ఇరుసును విప్పి, బేరింగు మార్చి, మళ్లీ బిగించడానికి కావలసిన చేతులు, స్పానర్లు ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ పని పిల్లల చేత చేయిస్తూ, పక్కన తాతయ్యను కూర్చోబెట్టుకుంటే, రైలు చక్రానికి 9 మిల్లీమీటర్లు ఎందుకు చాలుతాయో ఆయన ఇంకా వివరంగా చెబుతారు.