బండి ఆగాక మొదలయ్యే చట్టం

మేఘనా,

సెమినార్ పేపర్‌కి ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలూ, హైడ్రోజన్ బస్సులూ తీసుకున్నానని రాశావు. మంచి పని చేశావు. అయితే రెంటినీ ఒకే గాటన కట్టకు తల్లీ. బ్యాటరీ పనైపోయాక పూచీ ఎవరిదని అడుగుతుంది చట్టం. హైడ్రోజన్‌ని మాత్రం ఎలా పుట్టావని అడుగుతుంది.

2001 నాటి నియమాలు సీసం బ్యాటరీలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. లిథియం వచ్చాక చాలలేదు. 2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. వీటికి మూలం 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం. తయారీదారైనా, దిగుమతిదారైనా, సొంత బ్రాండు వేసుకుని అమ్మేవాడైనా పాత బ్యాటరీ రీసైక్లింగ్‌కో, మళ్ళీ వాడకానికి బాగుచేయడానికో చేరేలా చూడాలి. పాతిపెట్టకూడదు, కాల్చకూడదు. తన వాటా తీర్చడానికి రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. లెక్కంతా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో ఉంటుంది.

నువ్వు నిదానంగా చదవాల్సింది లక్ష్యాల పట్టిక. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ నుంచి రీసైక్లర్ రాబట్టాల్సిన పదార్థం 2024-25లో 70 శాతం, మరుసటేడు 80, 2026-27 నుంచి 90. అంకె ఘనంగానే ఉంది. దేనిలో 90 శాతమో చూశావా? బ్యాటరీ పొడి బరువులో! రాగి, అల్యూమినియం, ఇనుము బరువుగా ఉంటాయి, వేరుచేయడం తేలిక. లిథియం వాటా చిన్నది, తీయడానికి ఖర్చూ తిప్పలూ ఎక్కువ. లోహం వారీగా లక్ష్యం పెట్టకపోతే, మిగిలిన పది శాతంలో లిథియమంతా జారిపోయినా కాగితం మీద లెక్క సరిపోవచ్చు. యూరోపియన్ యూనియన్ 2023 బ్యాటరీ చట్టం లిథియాన్ని పేరు పెట్టి మరీ పట్టుకుంది: 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80. నికెల్, కోబాల్ట్‌లకైతే అవే గడువులకు 90, 95. మన 90 పక్కన వాళ్ళ 50 చిన్నగా కనిపిస్తుంది. నా ఓటు ఆ 50కే.

మన నియమాల్లో మెచ్చుకోవాల్సింది లేకపోలేదు. కొత్త ఎలక్ట్రిక్ బండి బ్యాటరీలో రీసైకిల్ చేసిన పదార్థం 2027-28 నాటికి 5 శాతం, 2030-31 నాటికి 20 శాతం ఉండాలన్నారు. తీసిన సరుకుకి కొనేవాడు ఉంటేనే గదా ఎవరైనా తీసేది!

హైడ్రోజన్‌కి ఇలా ఒక్కచోట దొరికే నియమాల పుస్తకం లేదు. సిలిండరు 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల కిందికి వస్తుంది. వాటి తల్లివేరు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం. అనుమతులిచ్చే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. బండి ఆమోదానికి మోటారు వాహనాల నియమాలు చూడాలి. 1884 చట్టం బ్రిటిష్ వాళ్ళదని పెదవి చప్పరించకు. ఒత్తిడిలో ఉన్న వాయువుతో ఎలా మెలగాలో పెసోకున్న అనుభవం ఇంకొకరికి లేదు.

2023 ఆగస్టులో 'గ్రీన్ హైడ్రోజన్' అంటే ఏమిటో కేంద్రం తేల్చింది. కిలో హైడ్రోజన్ తయారీకి వెలువడే కార్బన్ డయాక్సైడ్, పన్నెండు నెలల సగటున, రెండు కిలోలు మించకూడదు. ఆ లెక్క ప్లాంటు గేటు దగ్గర ఆగిపోతుంది. డీజిల్ ట్యాంకర్ మీద వందల కిలోమీటర్లు మోసుకుపోయినా అది గ్రీనే. హైడ్రోజన్ తయారీకి వాడే కరెంటు విషయంలో యూరప్ ఇంకా గట్టిగా ఉంది. హైడ్రోజన్ తయారైన గంటలోనే ఆ పునరుత్పాదక విద్యుత్తూ పుట్టి ఉండాలనే షరతు 2030 నుంచి అక్కడ అమలవుతుంది.

2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన 37 హైడ్రోజన్ బస్సులు, లారీల ప్రయోగంలో మన విశాఖపట్నం–బయ్యవరం దారి కూడా ఉంది. హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్ బస్సులో లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది. దాన్ని 2022 నియమాలు చూసుకుంటాయి. బస్సు తుక్కయ్యాక 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కాలంచెల్లిన వాహనాల నియమాలున్నాయి, కానీ వాటిలో తయారీదారు లక్ష్యం ఉక్కు బరువు మీద. మరి ఫ్యూయెల్ సెల్‌లోని ప్లాటినం సంగతి? దాన్ని రాబట్టే పూచీ ఎవరిదో నిర్వచనాలు తిరగేసి చూడు. నీ పేపర్ అక్కడ మొదలుపెట్టు. చిత్తుప్రతి నాకు పంపు.

ఇట్లు,
నీ బాబాయి